మందపాటి శాండ్‌బ్లాస్ట్ షీటు ప్లాటర్ మీద నీటుగా తెగట్లేదు: బ్లేడు మార్చాలా, ప్రెషర్ మార్చాలా?

రాతిఅక్షరం_చీమకుర్తి

అందరికీ నమస్కారం. గ్రానైట్ శిలాఫలకాలకి, సమాధి రాళ్లకి, గుళ్లలో దాతల పేర్ల బండలకి స్టెన్సిల్ కోసే పని మాది. పాలిష్ పెట్టిన నల్ల గెలాక్సీ రాయి మీద అతికించి శాండ్‌బ్లాస్టింగ్ (గాలి ప్రెషర్‌తో ఇసుక కొట్టి చెక్కడం) చేస్తారు. బండ్లకి వేసే మామూలు రేడియం ఆ దెబ్బకి నిలవదు కాబట్టి, దళసరి శాండ్‌బ్లాస్ట్ వినైల్ వాడుతున్నాం. వెర్నియర్‌తో కొలిస్తే షీటు ఒక్కటీ 0.5 మి.మీ., వెనక పేపరుతో కలిపి 0.72 వచ్చింది.

షీటు కోసే మిషన్ రెండడుగుల స్టెప్పర్ (మెట్లు మెట్లుగా తిరిగే మోటారు) ప్లాటర్. ప్రెషర్ 500 గ్రాముల దాకా పెట్టుకోవచ్చు. బ్లేడు 45 డిగ్రీలది, పసుపు మూత. స్పీడు 300, ప్రెషర్ 380, ఆఫ్‌సెట్ (బ్లేడు తిరిగే నడిమి నుంచి మొన ఎంత పక్కకుందో ఆ దూరం) 0.25. మ్యాటర్ అను అనే తెలుగు డీటీపీ ఫాంట్లలో టైపు చేసి, కోరల్‌డ్రాలో కర్వ్స్ చేసి (అక్షరాల్ని గీతలుగా మార్చి) పంపిస్తాం.

ఇబ్బందులు ఇవీ. నిలువు గీతలు బాగానే తెగుతున్నాయి గానీ ఒత్తులు, గుడులు, సున్నల దగ్గర తెగకుండా ఉండిపోయి, పీకేటప్పుడు అంచు చిరుగుతోంది. కొన్నిచోట్ల వెనక పేపరు కూడా తెగి ముక్కతో పాటే లేచి వస్తోంది. ప్రతి అక్షరం మొదలైన చోట వెంట్రుకంత పోగు మిగులుతోంది. ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి పోయే దారిలో షీటు మీద సన్నటి గీత పడుతోంది. ప్రెషర్ పెంచితే పేపరు తెగుతుంది, తగ్గిస్తే ఒత్తులు తెగవు. అసలు దేన్ని ముందు పట్టుకోవాలి?

ప్లాటర్_సర్వీస్_ఒంగోలు

ప్రెషర్‌ని ప్రస్తుతానికి వదిలెయ్యండి. మీరు రాసిన లెక్కల్లోనే అసలు సంగతి ఉంది. వెనక పేపరు పూర్తిగా తెగిందంటే బ్లేడు మొన హోల్డర్ ముక్కులోంచి 0.72 మి.మీ. కంటే ఎక్కువే బయటికొచ్చి ఉన్నట్టు. అట్లాంటప్పుడు లోతుని ఆపేది ముక్కు కాదు, ప్రెషర్ ఒక్కటే. స్పీడుగా పోయే చోట బ్లేడు పైకి తేలుతుంది, మలుపులో నెమ్మదించిన చోట దిగబడుతుంది. అందుకే ఒకే అక్షరంలో ఒకచోట తెగక, ఇంకోచోట పేపరు దాకా పోతోంది. లోతుని నిర్ణయించాల్సింది మొన ఎంత బయటికుందనేది. ముక్కు షీటుకి ఆని, మొన ఆ లోతు దాకా దిగడానికి చాలినంత వరకే ప్రెషర్ పని.

మీ షీటుకి కావలసింది: షీటు మందం 0.5, వెనక పేపరులో మూడో వంతు నుంచి సగం లోపు. అంటే 0.58 నుంచి 0.6. పేపరు 0.22 ఉండటం మీకు కలిసొచ్చే విషయం. మామూలు రేడియం పేపరు ఇంతకన్నా పల్చన, అక్కడ ఇంత వెసులుబాటు దొరకదు. అయితే పేపరు మందంగా ఉందిలే అని మొన ఎక్కువ బయట పెట్టేస్తారు, చాలామంది దగ్గర పని చెడేది అక్కడే.

రోలాండ్ తరహా స్క్రూ హోల్డర్ అయితే మూత ఒక చుట్టు తిప్పితే 0.5 మి.మీ., ఒక్కో గీతకి 0.1. మొన ముక్కుతో సమానంగా ఉండేట్టు పెట్టి, వేలి చివరతో చాలా మెల్లిగా తడిమి చూసుకుని, అక్కడి నుంచి ఒక చుట్టూ ఒక గీతా తిప్పండి. హోల్డర్ మీద గీతలు లేకపోతే మీ షీటు ముక్కనే కొలబద్దగా పెట్టుకోండి. వెనక పేపరుతో సహా ఒక చిన్న ముక్కని ముక్కు పక్కన ఆనించి, భూతద్దంలో గానీ ఫోన్ కెమెరా జూమ్‌లో గానీ చూడండి. మొన షీటు మందం దాటి పేపరులోకి కొంచెం దిగినట్టు కనపడాలి, పేపరు చివరి దాకా రాకూడదు.

తర్వాత హోల్డర్‌ని మిషన్‌లో పెట్టకముందే చేత్తో నిలువుగా పట్టుకుని, గట్టిగా అదిమి వేస్టు ముక్క మీద గీయండి. చేతి బలం మిషన్ ప్రెషర్ కంటే ఎక్కువే ఉంటుంది. చేత్తో గీసినా పేపరు తెగలేదంటే మిషన్‌లోనూ తెగదు. ఆ షీటు ఒలిచి, ఒట్టి పేపరుని ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి చూడండి. పేపరు మీద గోటి గీత లాంటి సన్న ఆనవాలు, తెగకుండా, ఒకే తీరుగా కనపడితే సరైన లోతు. గీతలోంచి వెలుతురు వస్తే ఎక్కువ. ఆనవాలే లేకపోతే, లేదా చుక్కలు చుక్కలుగా ఉంటే తక్కువ.

ఇక బ్లేడు. 0.5 షీటుకి 45 డిగ్రీల బ్లేడు సరిపోదు, 60 డిగ్రీలది వెయ్యండి. ఈ రకం బ్లేడ్లలో సాధారణంగా నీలం మూత ఉంటుంది, అయినా రంగుని నమ్మకుండా ప్యాకెట్ మీద డిగ్రీలు చూసుకోండి. కారణం ఇది: బ్లేడు అంచు ఏటవాలుగా ఉంటుంది. 0.6 లోతు దిగినప్పుడు 45 డిగ్రీల బ్లేడులో పైన షీటుని తాకే చోటికీ కింద మొనకీ మధ్య దూరం కూడా 0.6 మి.మీ. అదే 60 డిగ్రీలదైతే 0.35. నిలువు గీతలో ఈ తేడా తెలియదు. ఒక మి.మీ. వ్యాసార్ధం ఉన్న ఒత్తు మలుపులో మాత్రం ఆ 0.6 పొడుగు అంచు తిరగలేక షీటుని పక్కకి నెడుతుంది. మీ ఒత్తులు చిరుగుతున్నది అందుకే.

బ్లేడు మారిస్తే ఆఫ్‌సెట్ కూడా మార్చాలి. 60 డిగ్రీల బ్లేడ్లు చాలావాటికి 0.5 ఉంటుంది, ప్యాకెట్ మీద రాసిన అంకె పెట్టండి. సరిపోయిందో లేదో తెలియాలంటే 10 మి.మీ. చతురస్రం ఒకటి కోసి మూలలు చూడండి. మూల గుండ్రంగా వస్తే ఆఫ్‌సెట్ తక్కువ, మూల దగ్గర కొమ్ములాగా బయటికి పొడుచుకొస్తే ఎక్కువ. 0.05 చొప్పున సర్దుకోండి.

స్పీడు 300 ఈ షీటుకి చాలా ఎక్కువ. 100 దగ్గర మొదలుపెట్టండి. అంగుళం లోపు అక్షరాలైతే 60 నుంచి 80. ప్రెషర్ 150 దగ్గర మొదలుపెట్టి 20 గ్రాముల చొప్పున పెంచుతూ పోండి. షీటు పూర్తిగా తెగిన అంకె మీద ఇంకో 10, 20 పెట్టి ఆపెయ్యండి. షీటు మీద ముక్కు రాసుకున్న మెరుపు చార పడుతోందంటే ప్రెషర్ అవసరానికి మించిందని గుర్తు.

రేడియం_ఆటోనగర్_నెల్లూరు

ఒంగోలు అన్న చెప్పిందాంట్లో లోతు సంగతి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. 60 బ్లేడు మాత్రం తప్పదని నేను అనను. రిఫ్లెక్టివ్ షీటు రోజూ కోస్తాం, 45 తోనే, రెండుసార్లు పోనిస్తే చక్కగా తెగుతుంది. 60 బ్లేడు మొన సన్నంగా ఉంటుంది, కొంచెం తగిలినా విరుగుతుంది. పైగా రిఫ్లెక్టివ్‌లో గాజు పూసలుంటాయి, ఏ బ్లేడైనా తొందరగా అరగదీస్తాయి.

రెండు పాసులు ఎట్టా అంటే: మొదటిసారి 200, రెండోసారి 260. సాఫ్ట్‌వేర్‌లో పాస్‌ల ఆప్షన్ లేకపోతే కోరల్‌లో అక్షరాన్ని కాపీ చేసి అక్కడికక్కడే పేస్ట్ చేస్తే దాని మీదే పడుతుంది, మిషన్ రెండుసార్లు కోస్తుంది. ఒక్కటి మర్చిపోవద్దు. ఒక్కో అక్షరం రెండుసార్లు కోసి ముందుకి పోవాలి. పేజీ మొత్తం కోసి మళ్లీ మొదటి నుంచి వస్తే షీటు ఈలోపు అర మి.మీ. జరిగినా రెండో గీత పక్కన పడుతుంది. అప్పుడు అంచంతా పోగులే.

ప్లాటర్_సర్వీస్_ఒంగోలు

నెల్లూరు బ్రదర్, రెండు పాసుల పద్ధతి మంచిదే, 0.5 షీటుకి 60 బ్లేడుతో కూడా నేను అదే చెప్తాను. మీ రిఫ్లెక్టివ్ షీటు మందం ఇందులో సగం కూడా ఉండదు, అక్షరాలు కూడా పెద్దవి. అక్కడ 45 నడుస్తుంది. రాతి పనిలో ఒక అంగుళం అక్షరం కింద పావు అంగుళం ఒత్తు ఉంటుంది. రెండుసార్లు పోనిచ్చినా అంచు పొడుగు తగ్గదు కదా, మలుపు దగ్గర షీటుని నెట్టడం అట్లాగే ఉంటుంది.

మొదలు దగ్గర మిగిలే పోగు గురించి చెప్పడం మర్చిపోయాను. బ్లేడు హోల్డర్‌లో తనంతట తాను తిరుగుతుంది. పైకి లేచినప్పుడు వెనకటి గీత వైపే చూస్తూ ఉంటుంది. కొత్త అక్షరం మీద దిగి, కొంత దూరం ఈడ్చుకుపోయాకే దిశకి తిరుగుతుంది. మందపాటి షీటులో ఆ తిరగడం ఇంకా ఆలస్యం. ఓవర్‌కట్ 0.5 నుంచి 1 మి.మీ. పెడితే మొదలైన చోటుని దాటి కోస్తుంది కాబట్టి పోగు తెగిపోతుంది. కొన్ని గ్రాఫ్‌టెక్ మిషన్లలో మందపాటి షీట్ల కోసమే టాంజెన్షియల్ ఎమ్యులేషన్ అని, బ్లేడుని ముందే గీత దిశకి తిప్పే ఆప్షన్ ఉంటుంది. మీ మిషన్‌లో లేదు కాబట్టి, ప్రతి పేజీ మొదట్లో ఓ మూల వేస్టులో 5 మి.మీ. చతురస్రం ఒకటి కోయించండి, కనీసం మొదటి అక్షరానికి బ్లేడు సర్దుకుంటుంది. హోల్డర్ విప్పి బేరింగ్ కూడా చూడండి. గమ్మూ షీటు పొట్టూ చేరితే బ్లేడు బిగుసుకుపోతుంది, అప్పుడు ఏ సెట్టింగూ పనిచెయ్యదు. పొట్టు ఊది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క. అంతకంటే వద్దు, నూనె ఎక్కువైతే దుమ్ము పడుతుంది.

అక్షరాల మధ్య గీత పడటం వేరే జబ్బు. మందపాటి షీటు వేసినప్పుడు, మొన కూడా ఎక్కువ బయటికి ఉన్నప్పుడు, బ్లేడు పైకి లేచినా షీటుని వదలదు. క్లాంప్ వదులు చేసి హోల్డర్‌ని పైకి జరపండి. పైకి లేచినప్పుడు మొనకీ షీటుకీ మధ్య 1.5 నుంచి 2 మి.మీ. ఖాళీ చాలు. మరీ పైకి పెడితే దిగేటప్పుడు దెబ్బ పడి మొన విరుగుతుంది, 60 బ్లేడు అయితే ఇంకా తొందరగా.

డీటీపీ_కావలి

మిషన్ సంగతి పెద్దలు చెప్పారు. ఫైలు సంగతి ఎవరూ అడగలేదు. అను ఫాంట్లలో టైపు చేస్తున్నామన్నారు కదా, సగం గొడవ అక్కడే ఉండొచ్చు.

అను ఫాంట్లలో అక్షరం ఒక్క ముక్క కాదు. హల్లు ఒకటి, తలకట్టు ఒకటి, గుడి ఒకటి, ఒత్తు ఒకటి విడివిడిగా వచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ప్రింట్‌లో నలుపు మీద నలుపు కాబట్టి కనపడదు. ప్లాటర్‌కి మాత్రం ప్రతి ముక్కా ఒక గీత. తలకట్టు హల్లుతో కలిసే చోట అక్షరం కడుపులోంచి అడ్డంగా కోసుకుపోతుంది. పీకేటప్పుడు అక్షరం ఒక్కటిగా రాక ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ చోట బ్లేడు దాటిందాన్నే మళ్లీ దాటుతుంది కాబట్టి వెనక పేపరు కూడా చిల్లుపడుతుంది. మీ పేపరు తెగే చోట్లు ఎక్కువగా తలకట్టుల కిందా ఒత్తుల కలయికల దగ్గరా ఉన్నాయేమో చూడండి. అక్కడే ఉంటే కారణం ఇదే.

మ్యాటర్ ప్రూఫ్ అయ్యాక కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చెయ్యండి. ఒక్కో అక్షరాన్ని దాని గుణింతంతో, ఒత్తుతో కలిపి సెలెక్ట్ చేసి వెల్డ్ (ముక్కల్ని ఒక్కటిగా కలిపే కమాండ్) ఇవ్వండి. వెల్డ్ అయ్యాక బ్రేక్ అపార్ట్ కొట్టకండి, సున్నల లోపలి ఖాళీ విడిపోతుంది. తర్వాత వైర్‌ఫ్రేమ్ వ్యూలో, అంటే ఒట్టి గీతలే కనపడేట్టు, చూడండి. అక్షరం లోపల ఎక్కడా అడ్డగీత ఉండకూడదు. ఈ ఒక్క చూపుతో చాలా షీటు మిగులుతుంది.

నోడ్లు, అంటే గీత మీద ఉండే చుక్కలు, కూడా చూసుకోండి. పాత ఫాంట్లలోనూ, స్కాన్ చేసి ట్రేస్ చేసిన గుడి బొమ్మల్లోనూ ఒక చిన్న మలుపుకి పది పదిహేను నోడ్లు ఉంటాయి. స్టెప్పర్ మిషన్ ఒక్కో నోడ్ దగ్గర తటపటాయిస్తుంది, ఆ చోట బ్లేడు దిగబడుతుంది, అంచు రంపం పళ్లలా వస్తుంది. షేప్ టూల్‌తో నోడ్లు తగ్గించండి. పీఎల్‌టీగా (ప్లాటర్‌కి పంపే ఫైలు రకం) ఎక్స్‌పోర్ట్ చేస్తే కర్వ్ రిజల్యూషన్ అంకె చిన్నది పెట్టుకోండి. పీఎల్‌టీ ఫైలులో కొలత యూనిట్ 0.025 మి.మీ., అంత సన్నగా పోగలిగినప్పుడు మలుపుని పెద్ద పెద్ద గీతలుగా విరగ్గొట్టడం దేనికి?

రాతిఅక్షరం_చీమకుర్తి

అందరికీ చాలా థ్యాంక్స్. కావలి అన్నా, వైర్‌ఫ్రేమ్‌లో చూస్తే తలకట్టుల దగ్గర నిజంగానే అడ్డగీతలున్నాయి. వెల్డ్ చేశాక పేపరు తెగడం దాదాపు పోయింది. 60 బ్లేడు వేసి, ఆఫ్‌సెట్ 0.5, స్పీడు 80, రెండు పాసులు 180, 240 పెట్టాను. ఒత్తులు నీటుగా వస్తున్నాయి, గీత పడటం కూడా హోల్డర్ పైకి జరిపాక ఆగింది.

ఇప్పుడు మిగిలింది ఒక్కటి. షీటు ఎడమ అంచు నుంచి సుమారు జానెడు లోపల, ఏ అక్షరం పడినా అక్కడ ఒక చిన్న భాగం తెగట్లేదు. మిగతా అంతా బాగుంది. ఇంకో ప్రశ్న: పొడుగు పేజీ కోస్తే చివర్లో వరస కొంచెం వంకర పోతోంది.

ప్లాటర్_సర్వీస్_ఒంగోలు

ఎప్పుడూ ఒకే చోట తెగకపోతే బ్లేడు తప్పు కాదు, దాని కింద ఉన్న తెల్ల పట్టీది. ఇంతకుముందు పేపరు దాటి కోసిన గీతలు ఆ పట్టీలో గాడి పెట్టి ఉంటాయి. షీటు ఆ గాడి మీద ఉన్నప్పుడు కిందికి కుంగుతుంది, మొన అందదు. కరెంటు ఆపి, గోరు పట్టీ పొడుగునా ఒక చివర నుంచి ఇంకో చివరకి పోనివ్వండి, గాడి చోట గోరు ఆగుతుంది. పట్టీ పీకి, కింద మిగిలిన గమ్ తుడిచి, కొత్తది సాగదీయకుండా అతికించండి. పాత పట్టీ మీద టేపు వేసి సర్దే పని చెయ్యొద్దు, అక్కడ ఎత్తు పెరిగి పేపరు తెగుతుంది.

వంకర పోవడానికి కారణం బరువు, బిరుసుదనం. దళసరి షీటు రోలులోంచి నేరుగా లాగితే మిషన్ లాగలేక జారుతుంది. కోయబోయే పొడుగుకి ఇంకో అడుగు కలిపి ముందే కత్తిరించి, రోలు చుట్టిన దానికి ఎదురు దిక్కులో వదులుగా చుట్టి ఒక రాత్రి ఉంచండి. రెండు పక్కలా అంగుళం మార్జిన్ వదలండి. రోలర్లు గరుకు షాఫ్ట్ మీదే కూర్చున్నాయో లేదో చూడండి. మధ్యలో మూడో రోలర్ ఉంటే దాన్నీ దించండి. కొయ్యకముందు షీటుని పేజీ పొడుగునా ఒకసారి ముందుకీ వెనక్కీ నడిపించండి. వంకర పోయేదైతే అప్పుడే కనపడుతుంది.

పలకరాయి_మార్కాపురం

పీకడం గురించి నాలుగు మాటలు. మెత్తటి మందపాటి షీటుని కోశాక అట్లాగే వదిలేస్తే, గమ్ రెండు అంచుల్నీ మళ్లీ కలిపేస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో ఇంకా త్వరగా. కోసినంత వరకు వెంటనే పీకెయ్యండి. పీకేటప్పుడు ముక్కని పైకి లాగొద్దు, షీటు మీదికే మడిచి వెనక్కి, మెల్లగా లాగండి. వేసవిలో షీటు గమ్ మెత్తబడి బ్లేడుకి అంటుకుంటుంది. పొద్దున్నే కోసుకోండి, లేకపోతే చల్లటి గదిలో కోసుకోండి. మధ్య మధ్యలో మొన తుడవండి. వానాకాలంలో ఇంకో చిక్కు. వెనక పేపరు తేమ పీల్చి అలలు అలలుగా లేస్తుంది. అప్పుడు ఒకే ప్రెషర్‌కి ఒకచోట తెగి ఒకచోట తెగదు. రోలుని ప్లాస్టిక్ కవరులో కట్టి నిలువుగా పెట్టండి, నేల మీద పడుకోబెడితే బరువుకి ఒకవైపు నొక్కుకుపోతుంది.

స్టెన్సిల్‌లో మనం తీసేది అక్షరాన్ని, మిగిల్చేది చుట్టూ ఉన్న షీటుని. కాబట్టి జాగ్రత్తపడాల్సింది సున్న నడిమి ముక్క, ఠ, థ లలో చుక్క చుట్టూ మిగిలే రింగు. 0.5 షీటులో ఆ రింగు వెడల్పు 1.5 మి.మీ. కంటే తగ్గితే కోత ఎంత నీటుగా వచ్చినా బ్లాస్టింగ్‌లో లేచిపోతుంది. ఫాంట్ బొద్దుగా ఉన్నది కాకుండా లోపలి ఖాళీ ఎక్కువున్నది ఎంచుకోండి, లేదా చుక్కని చిన్నది చెయ్యండి.

వెంటనే పీకెయ్యమన్నాను గానీ, ఆ చిన్న ముక్కలు కదలకుండా ఉండాలంటే అట్లాంటి అక్షరాల్ని మాత్రం ముందే పీకకండి. కోసిన షీటు మీద గట్టిగా పట్టే ట్రాన్స్‌ఫర్ టేపు వెయ్యండి. షీటు పైభాగం రబ్బరులా ఉంటుంది, మామూలు టేపు పట్టుకోదు. వెనక పేపరు తీసి, అక్షరాలతో సహా రాయి మీద అతికించి, స్క్వీజీతో నడిమి నుంచి బయటికి నొక్కి, టేపు తియ్యండి. అప్పుడు అక్షరాన్ని రాయి మీదే సూదితో లేపి పీకండి, లోపలి ముక్కని ఇంకో వేలితో అదిమి పట్టుకుని. రాయి తుడిచాక పూర్తిగా ఆరాలి, పాలిష్ మైనం మిగలకూడదు. పాలిష్ గ్రానైట్ మీద ఇది బాగా పనిచేస్తుంది. మా పలక రాయి లాంటి పొరలు లేచే గరుకు రాళ్ల మీద మాత్రం షీటు అంచు పూర్తిగా కూర్చోదు, కిందికి ఇసుక దూరుతుంది. అక్కడ కోత ఎంత నీటుగా ఉన్నా అక్షరం అంచు పొక్కుతుంది.

రాతిఅక్షరం_చీమకుర్తి

పట్టీలో గాడి ఉంది, గోటికి తగిలింది. కొత్త పట్టీ వేస్తున్నాం. మార్కాపురం అన్నా, ఒక్క సందేహం: టేపు వేసి అతికించే పద్ధతిలో, వెనక పేపరు తీసేటప్పుడు చిన్న ముక్కలు పేపరుతోనే ఉండిపోతే ఏం చెయ్యాలి?

పలకరాయి_మార్కాపురం

బల్ల మీద టేపు వైపు కిందికి, పేపరు వైపు పైకి పెట్టి, పేపరునే మడిచి వెనక్కి లాగండి, షీటుని లాగొద్దు. ముక్క పేపరుతో లేస్తుంటే అక్కడే ఆగి, పేపరు మళ్లీ మూసి, ఆ చోట గోటితో గట్టిగా రుద్ది మళ్లీ లాగండి. అయినా వదలకపోతే ఆ చోట బ్లేడు పేపరులోకి ఎక్కువ దిగినట్టు, గమ్ ఆ గాడిలోకి పోయి పట్టుకుంటోంది. మొన ఒక గీత లోపలికి తిప్పుకోండి.